మూడో వరస

మా విమానం ఎక్కాలంటే ముందు నా కాటా ఎక్కాలి. పంతొమ్మిది సీట్ల బుల్లి విమానం. పెద్ద విమానాల్లోలాగా నచ్చిన చోట కూర్చుంటానంటే కుదరదు. మనిషి బరువెంత, సంచి బరువెంత అని రాసుకుని, ఎవరిని ముందు కూర్చోబెట్టాలో ఎవరిని వెనక్కి తొయ్యాలో నేనే తేలుస్తాను. కాటా ఎక్కమంటే ఆడవాళ్లు ముఖం ముడుచుకుంటారు. మగవాళ్లు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటారు, అలా చేస్తే బరువు తగ్గుతుందన్నట్టు. పదకొండేళ్లుగా ఇదే పని. ఇప్పుడు మనిషి గుమ్మంలోకి రాగానే కిలో అటూ ఇటూగా చెప్పేస్తాను. మా నాన్న బరువెంతో మాత్రం ముప్పై ఆరేళ్లు వచ్చేదాకా నాకు తెలియలేదు.

మా ఇంటిల్లిపాదీ ఆ విమానాల మీదే బతికాం. విమానాలు బాగుచేసే షెడ్డులో నాన్న ప్రొపెల్లర్ల మేస్త్రీ. బ్లేడు మీద గోరుతో కొట్టి, ఆ మోత విని ఇది బాగుంది, ఇది బాగాలేదు అని చెప్పేవాడని షెడ్డులో కథలుకథలుగా చెప్పుకునేవారు. మా ఆయన అదే షెడ్డులో తనిఖీ చేసే మనిషి. పని నేర్పింది నాన్నే, ఉద్యోగంలో పెట్టించింది నాన్నే, కుర్రాడు బుద్ధిమంతుడని పిల్లనిచ్చింది కూడా ఆయనే. అందుకని మామయ్య మాటంటే మా ఆయనకి శిలాశాసనం. నేను ఉప్పు ఎక్కువైందంటే ఒప్పుకోడు గానీ, మామయ్య అంటే వెంటనే చేయి కడిగేసుకుంటాడు.

షెడ్డులో ఒక యంత్రం ఉంది. బ్లేడు మొదలు, అంటే దాన్ని ఇంజనుకి బిగించే వైపు, లోపల బోలుగా ఉంటుంది. ఆ బోలులో కంటికి కనపడని చీలికలేమైనా ఉన్నాయేమోనని ఈ యంత్రం పెట్టి చూస్తారు. చీలిక ఉంటే కీచుమంటుంది. లేకపోయినా ఒక్కోసారి కీచుమంటుంది. దేన్ని చూసినా వంక పెడుతుందని షెడ్డువాళ్లు దానికి ‘అత్తగారు’ అని పేరు పెట్టారు. ఒకప్పుడు అత్తగారు అరిచిన ప్రతి బ్లేడునీ తయారు చేసిన కంపెనీకి పంపేవారు. వరసగా ఏడు బ్లేడులు ‘ఏ లోపమూ లేదు’ అనే చీటీతో తిరిగొచ్చాయి. మా మేనేజరుకి తల కొట్టేసినట్టయి, ఎక్కడెక్కడో తిరిగి ఒక అనుమతి కాగితం సంపాదించాడు. లోపల గరుకుగా ఉన్నా యంత్రం అరుస్తుంది కాబట్టి, ఫలానా రకం బ్లేడుల్లో శాండ్‌పేపర్‌తో కాస్త రుద్ది మళ్లీ పరీక్ష చేయవచ్చని అందులో ఉంది.

ఆ ‘ఫలానా రకం’ అన్న మాట నాలుగు నెలల్లో అందరూ మరిచిపోయారు. రుద్దడం మాత్రం గుర్తుంది. దానికి ‘అత్తగారి నోరు మూయించడం’ అని పేరు. కర్రకి శాండ్‌పేపర్ చుట్టి, బోలులో పెట్టి తిప్పితే గరుకు పోయేది, దాంతోపాటు అరుపూ పోయేది. చీలిక ఉంటే అది ఉన్నచోటే ఉండేది. పైన పూత వేసి మూసేసి, కార్డు మీద ముద్ర కొట్టేవారు. ఈ సంగతంతా నేను భోజనాల దగ్గర నవ్వుతూ విన్నదే. అత్తగారి మీద ఎన్ని జోకులేసుకున్నామో చెప్పలేను. పాపం మా సొంత అత్తగారు ఒకసారి విని అలిగింది కూడా.

ఇంకో సంగతి చెప్పాలి. నాకు ఏడేళ్లప్పుడు నాన్న మొదటిసారి విమానం ఎక్కించాడు. నేను పరుగెత్తుకెళ్లి కిటికీ పక్కన ఒక సీట్లో కూర్చున్నాను. నాన్న చంకలు పట్టి లేపి వెనక వరసకి తీసుకెళ్లాడు. “ఆ మూడో వరసలో ఎప్పుడూ కూర్చోకు తల్లీ. ప్రొపెల్లర్ సరిగ్గా దాని పక్కనే తిరుగుతుంది. ఏదైనా ఊడొస్తే ముందు అక్కడికే వస్తుంది,” అన్నాడు. షెడ్డువాళ్లెవరూ ఆ వరసలో కూర్చోరు. వాళ్ల పెళ్లాం పిల్లల్నీ కూర్చోనివ్వరు. అది వాళ్లలో వాళ్లకున్న కట్టుబాటు, బయటివాళ్లకి చెప్పరు. నేను కౌంటర్లో చేరాక మావాళ్లు ఎవరు వచ్చినా లెక్క అటూ ఇటూ చేసి వేరే వరసలో వేసేదాన్ని. మూడో వరస మిగతావాళ్లకి.

ఆ రోజు పొద్దున్న విమానానికి పదిహేడు మంది. వాళ్లలో ఒక రిటైరైన జాగ్రఫీ టీచరమ్మ. నలభై తొమ్మిది కిలోలు. కాటా దిగి, “పిట్టంత ఉన్నాను, రెక్క మీద కూర్చోబెట్టినా పర్లేదమ్మా,” అని నవ్వింది. వెనక సీటు అడిగింది. వెనక అప్పటికే బరువెక్కువైంది. మూడో వరస, కుడి కిటికీ రాసిచ్చాను. “ఇది బాగుంటుందా?” అంది. “మంచి సీటండీ, పొలాలన్నీ కనిపిస్తాయి,” అన్నాను.

లేచిన పద్నాలుగు నిమిషాలకి కుడి ప్రొపెల్లర్‌కి ఉన్న నాలుగు బ్లేడుల్లో ఒకటి మొదలంటా తెగిపోయింది. మిగిలిన మూడింటితో తిరిగిన ఆ ప్రొపెల్లర్ ఇంజన్ని గూటిలోంచి సగం పీకేసింది. తెగిన బ్లేడు మూడో వరస దగ్గర గోడ చీల్చుకుని లోపలికి వచ్చింది. పైలట్ ఎలా దించాడో ఆయనకే తెలియదట, మొక్కజొన్న చేలో పడేశాడు. టీచరమ్మ అప్పటికే లేదు. దిగేటప్పుడు ఇంకో ఇద్దరు పోయారు.

విచారణ అధికారి ఒకాయన వచ్చి షెడ్డు పక్కగదిలో నెల రోజులు మకాం వేశాడు. సన్నగా, మెత్తగా మాట్లాడే మనిషి, అరవై ఒక్క కిలోలు. మొదట నా తూకం కాగితాలు చూశాడు. “మీ లెక్కలో ఒక్క కిలో తేడా లేదమ్మా. ఇంత శుభ్రంగా రాసేవాళ్లని చూడలేదు,” అన్నాడు.

తర్వాత బ్లేడు కార్డు చూశాడు. దాని మీద మా ఆయన ముద్ర ఉంది. యంత్రం మొదటిసారి అరిచిందనీ, భోజనాల తర్వాత మళ్లీ పెడితే అరవలేదనీ కార్డులోనే ఉంది. ఆ రెండింటి మధ్య ఎవరో రుద్దారు. ఎవరని అడిగితే మా ఆయన, “నేనేనండీ. తొందరలో ఆ ఒక్కదాన్నే రుద్దాను,” అన్నాడు. నాన్న పక్కనే నిలబడి ఉన్నాడట. నోరు విప్పలేదు.

మా ఆయన్ని ఇంటికి పంపేశారు. లైసెన్సు పోవడం ఖాయం, జైలు కూడా తప్పకపోవచ్చు అన్నారు. నేను ఆయన్ని అనరాని మాటలన్నీ అన్నాను. ముగ్గుర్ని పొట్టన పెట్టుకున్నారన్నాను. ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. అది చూసి నాకు ఇంకా ఒళ్లు మండింది.

విచారణ కాగితాల నకలు సంతకానికి మా ఇంటికి వచ్చింది. అందులో ఒక పెద్ద ఫొటో. తెగిన బ్లేడు లోపలి పూత తీసేసి, బోలుని దగ్గరగా తీశారు. రుద్దిన గీతలు సన్నగా, మెలిక తిరిగి, అన్నీ ఒకే వాలున ఉన్నాయి. ఎక్కడో చూశాననిపించింది. అన్నం వండుతున్నా, పాపకి జడ వేస్తున్నా ఆ గీతలే కళ్లముందు. మూడో రోజు నా బల్ల సర్దుతుంటే చిన్నప్పుడు నాన్న చేసిచ్చిన పెన్సిళ్ల గూడు చేతికి వచ్చింది. కర్రముక్కకి గుండ్రటి బెజ్జం తొలిచి, లోపల నున్నగా రుద్దాడు. టార్చి వేసి చూశాను. గీతలు ఎడమకి వాలి ఉన్నాయి. నాన్నది ఎడమచేతి వాటం.

మా ఆయన దాన్ని చూసి ముచ్చటపడి, పెళ్లైన కొత్తలో పళ్లు తోముకునే బ్రష్షులకి అలాంటిదే చేశాడు. బాత్రూంలోకి వెళ్లి దాన్ని తెచ్చి అందులోనూ టార్చి వేశాను. గీతలు కుడికి వాలి ఉన్నాయి. ఫొటో పక్కన రెండూ పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఫొటోలో గీతలు ఎడమకే వాలి ఉన్నాయి.

అవి పట్టుకుని నాన్న ఇంటికి వెళ్లాను. ఆయన పేపర్ చదువుతున్నాడు. ఫొటో, పెన్సిళ్ల గూడు ఎదురుగా పెట్టాను. కళ్లజోడు సవరించుకుని చూశాడు. ‘ఇది నా చేతి వాటం కాదు’ అని ఆయన ఎందుకనలేదో నాకు ఇప్పటికీ తెలియదు. బహుశా పనివాడి గర్వం అడ్డొచ్చి ఉంటుంది.

“అల్లుడికి వయసుంది. ఇంకో పని దొరుకుతుంది. నాకిప్పుడు ఈ మచ్చ పడితే ముప్పై ఎనిమిదేళ్ల పేరు పోతుందమ్మా,” అన్నాడు.

“పేరా? ముగ్గురు పోయారు నాన్నా.”

“కావాలని చేశానా? ఆ కాగితం తెచ్చింది మేనేజరు. అందరూ చేశారు. ఇన్నేళ్లుగా ఎన్ని రుద్దానో, ఏదైనా పడిందా? అన్నీ ఎగురుతూనే ఉన్నాయిగా.”

ఆయన ధైర్యం చెబుతున్నాననుకున్నాడు. నాకు మాత్రం ఇంకా ఎగురుతున్న ఆ విమానాలు గుర్తొచ్చాయి. “ఎన్ని రుద్దావు? ఏవేవి?” అన్నాను.

“ఎన్నని గుర్తుపెట్టుకుంటాం? కాఫీ తాగుతావా?” అని లేచి వంటింట్లోకి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి మా ఆయన్ని నిలదీశాను. మొదట బుకాయించాడు. రెండు గూళ్లు చూపించాక తల దించుకున్నాడు. అత్తగారు అరిచిన ఆ బ్లేడుకి తాను ఎర్ర చీటీ కట్టి పక్కన పెట్టాడట. భోజనం చేసి వచ్చేసరికి చీటీ లేదు, బల్ల మీద తెల్లటి పొడి ఉంది. నాన్న చేయి దులుపుకుంటూ “ఇప్పుడు చూడు అల్లుడూ” అన్నాడట. చూశాడు, అరవలేదు, ముద్ర కొట్టాడు. “ముద్ర కొట్టింది నేనే కదా. మామయ్య చేతులు పట్టుకుని అడిగాడు. ఎలా కాదనను? ఆ ఒక్కదాన్నే కదా రుద్దింది,” అన్నాడు.

“ఒక్కటని నీకెవరు చెప్పారు?”

“మామయ్యే.”

పదకొండేళ్ల కాపురంలో ఆయన్ని ‘నువ్వు’ అన్నది అదే మొదటిసారి. ఇద్దరం గమనించినట్టు లేదు.

మర్నాడే అధికారి దగ్గరికి వెళ్లి బల్ల మీద రెండు గూళ్లూ పెట్టి చెప్పాను. ఆయన నవ్వలేదు, కొట్టిపారేయలేదు. తానే టార్చి అడిగి తీసుకుని చూశాడు. తర్వాత చల్లగా చెప్పాడు. “మిగిలిన అయిదు విమానాల్లో నలభై బ్లేడులున్నాయమ్మా. అన్నిటికీ మళ్లీ యంత్రం పెట్టించాను. ఒక్కటీ అరవలేదు.”

“అరవదండీ. నోరు మూయించారు కదా.”

“నాకూ ఆ అనుమానం ఉంది. పూత తీసి, ల్యాబుకి పంపితే గానీ తేలదు. నలభై పంపాలంటే కంపెనీ ఒప్పుకోదు, పెన్సిళ్ల గూడు చూపించి నేను ఒప్పించలేను. మీ ఆయన ఒక్కటే అని సంతకం పెట్టాడు. రుద్దిన మనిషి నోటితో ఇవి రుద్దానని చెప్పాలి.”

నాన్న దగ్గరికి మళ్లీ మూడుసార్లు వెళ్లాను. బతిమాలాను, తిట్టాను, పాపని తీసుకెళ్లి ఒళ్లో కూర్చోబెట్టాను. “నీ భర్త ఒప్పుకున్నాడు, నీకెందుకమ్మా ఇంత రంధి,” అన్నాడు చివరికి. అప్పటిదాకా నాన్న మీద నాకు కోపమే. ఆ రోజు ఆయన ముఖం చూస్తే అసహ్యం వేసింది. కన్నతండ్రి మీద అసహ్యం వేయడం ఎంత నరకమో వేసినవాళ్లకే తెలియాలి.

జనం మా విమానాలెక్కడం మానేశారు. మేనేజరు ఒక ఉపాయం ఆలోచించాడు. షెడ్డువాళ్లంతా ఒకరోజు ప్రయాణికుల్లా విమానం ఎక్కాలి, వార్తలవాళ్లు ఫొటోలు తీయాలి. ‘మేం బాగుచేసిన విమానంలో మేమే ఎక్కుతున్నాం’ అని. అందరికంటే ముందు నాన్న. ముప్పై ఎనిమిదేళ్ల అనుభవం, తెల్లజుట్టు, ఫొటోకి బాగుంటాడు. పనిలోపనిగా అధికారి కూడా అదే విమానంలో తన ఊరు వెళ్తాడు. సీట్లు వేసేది నేను. మా ఆయనకి ఆ మధ్యే సామాను మోసే పని ఇచ్చారు, శిక్ష పడేదాకా ఏదో ఒకటి చేసుకోమని. కాటా మీదికి సంచులు ఎక్కించి దించడం. నా పక్కనే.

నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. అందర్నీ పలకరిస్తూ వచ్చాడు గానీ అల్లుడి వైపు చూడలేదు. కాటా ఎక్కాడు. డెబ్బై రెండు. నేను చీటీ రాసి చేతికిచ్చాను. మూడో వరస, ఎడమ కిటికీ.

ఆయన ఒక అడుగు వేసి, చీటీ చూసుకుని, ఆగిపోయాడు. వెనక్కి వచ్చి గొంతు తగ్గించి, “వెనక ఎక్కడైనా వెయ్యమ్మా,” అన్నాడు.

“వెనక బరువెక్కువైంది నాన్నా.”

“పోనీ ముందు వరసలో.”

“కుదరదు.”

వెనక క్యూ అంతా ఎదురుచూస్తోంది. వెనకాలే అధికారి చిన్న పెట్టె పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎవరో ఫొటో తీశారు. నాన్న నవ్వబోయాడు, పెదవి కదిలింది గానీ నవ్వు రాలేదు. “నాకు కాస్త కళ్లు తిరుగుతున్నాయి. నేను తర్వాత బస్సులో వెళ్తాలే,” అన్నాడు.

“సరే. ఆ సీటు ఖాళీగా ఉంచితే బరువు సరిపోదు,” అన్నాను. “షెడ్డువాళ్ల కుటుంబాలు కూడా ఎక్కొచ్చన్నారు కదా. నేనెక్కి కూర్చుంటాను.” లేచి, కౌంటరు తలుపు తీసుకుని, చీటీ కోసం చేయి చాపాను.

నాన్న చీటీ ఇవ్వలేదు. పిడికిట్లో నలిపేశాడు. నా ముఖంలోకి చూశాడు. నేను బెదిరించడం లేదని ఆయనకి అర్థమైంది.

“దాన్ని ఎగరనివ్వకండి,” అన్నాడు. నాతో కాదు, వెనక్కి తిరిగి అధికారితో. “ఈ విమానంలో ఎడమవైపు రెండు, కుడివైపు ఒకటి. రెండో విమానంలో కుడివైపు రెండు. నాలుగోదాంట్లో ఎడమవైపు నాలుగూ. అయిదోదాంట్లో రెండు. అన్నీ నేనే రుద్దాను.” బ్లేడుల నంబర్లతో సహా ఒక్కటీ తడుముకోకుండా చెప్పాడు. ఎన్నని గుర్తుపెట్టుకుంటాం అన్న మనిషి, ఎక్కాలు అప్పజెప్పినట్టు పదకొండూ అప్పజెప్పాడు.

పక్కన ధబ్బుమని చప్పుడైంది. మా ఆయన చేతిలో సంచి జారిపోయింది. ఒక్కటి అనుకుని నెత్తిన వేసుకున్నాడు ఆయన. మామయ్యనీ చూడలేదు, నన్నూ చూడలేదు. జారిన సంచిని ఎత్తి కాటా మీద సరిగ్గా పెట్టి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని బయటికి వెళ్లిపోయాడు.

పదకొండు బ్లేడులూ ల్యాబుకి వెళ్లాయి. రెండింట్లో చీలికలు దొరికాయి. వాటిలో ఒకటి ఆ పూట ఎగరవలసిన విమానానిదే, ఎడమవైపుది. పెద్ద ప్రమాదం తప్పించాడని పేపర్లో నాన్న ఫొటో వేశారు. తనంతట తానే ముందుకొచ్చి చెప్పినందుకు శిక్ష తగ్గించి, జైలు లేకుండా ఇంట్లో కూర్చోమన్నారు. మా ఆయన లైసెన్సు మాత్రం తిరిగి రాలేదు. ముద్ర కొట్టినందుకు కాదట, విచారణలో అబద్ధం చెప్పినందుకు. సామాను మోసే పని పర్మినెంటు చేశారు. ఆయన ఇప్పుడు నాతో అవసరమైనంత మాట్లాడతాడు. “ఇరవై మూడు కిలోలు,” అంటాడు. రాసుకుంటాను.

అధికారి వెళ్లేముందు కౌంటరు దగ్గరికి వచ్చి, “నిజంగా ఎక్కేవారేనా అమ్మా?” అని అడిగాడు. ఎక్కేదాన్నే అని చెప్పాను. అది నిజం. ఆయన అడగని ప్రశ్న ఇంకోటి ఉంది, అది నన్ను నేనే రోజూ అడుగుతుంటాను. నాన్న ఆ చీటీ చూసి కూడా కిక్కురుమనకుండా వెళ్లి కూర్చుని ఉంటే, మిగతావాళ్లని ఆపడానికి నోరు విప్పేదాన్నా? ఏమో. నాన్న కూతుర్నే కదా నేను.

మూడో వరస సంగతి ఆయన నాకు ఏడేళ్లప్పుడే చెప్పాడు. పదకొండేళ్లలో మావాళ్లెవరినీ నేను అందులో కూర్చోబెట్టలేదు. టీచరమ్మ నన్ను అడిగింది కూడా, ఇది బాగుంటుందా అని. మంచి సీటని చెప్పాను.